ఎడమచేతి గాట్లు

ఆదం దాటి గంటసేపు బండి తోలాక
ఆ గుట్ట కనిపించింది.
నౌపడ కొఠారులో తాటాకు కప్పిన ఉప్పురాశిలాగే ఉంది,
కాకపోతే నల్లగా, మానిన పుండు పెచ్చులా.
సర్వేవాళ్ళ డ్రైవర్ని, నాకు లోపల పనేం లేదు.
"నీదీ ఉప్పూరేనటగా, దిగు" అన్నాడు హారిబ్ ముసలాయన
సగం అరబ్బీ, సగం హిందీలో.

వంగితేనే దారి.
పదడుగులు దిగేసరికి బయటి ఎండ
ఎవరో చెప్పగా విన్న కబురైపోయింది.
లైటు వేస్తే గోడ నిండా చారలు,
కోసిన మాంసంలో కొవ్వులా తెలుపు, బూడిద, గులాబి.
ఎవరూ చూడకుండా నాలిక ఆనించాను.
మా ఉప్పే.
చివర్న చిన్న చేదు.
మడిలో చేదునీళ్ళు సరిగా వదలకుండా పార వేస్తే
మా దాలమ్మత్త చప్పున ఉమ్మేసేది, ఆ చేదు.

మాకు ఉప్పు పండుతుంది.
మడి తొక్కి, నీరు పెట్టి, ఎండని నమ్ముకుంటే
అకాలంగా ఒక్క వాన చాలు, ఏడాది కష్టం నీళ్ళపాలు.
ఈ ఉప్పుకి రైతు లేడు.
చేపలింకా పుట్టని సముద్రమొకటి
ఎవరికీ చెప్పకుండా ఎండిపోయిందట.
దాని మీద రాళ్ళు పక్కలు పరుచుకున్నాయట.
అయినా ఒక్కచోట ఉండలేక
గోరు పెరిగినంత కూడా కాదు, అంతకన్నా మెల్లగా
ఇప్పటికీ పైకి వస్తోందట.
ఇంజనీరు చెప్పాడు.
హారిబ్ తల అడ్డంగా ఊపాడు.
"తాత తవ్విన గొయ్యి మనవడి నాటికి మూసుకుంటుంది.
కొండకి సిగ్గెక్కువ."
ఇద్దరూ ఒకటే మాట అంటున్నారనిపించింది.
డ్రైవర్ని, ఊరుకున్నాను.

ఇంకా లోపల, కప్పుకి దీపాల మసి.
ఈతనార తాడు ముక్క ఒకటి, నిన్న తెగినట్టు.
ఖర్జూరపు గింజ. దాని మీద పంటిగాటు.
ఎవరు తిన్నారు, ఏ కాలం?
ఇంజనీరు వెయ్యేళ్ళంటాడు, కుర్ర అసిస్టెంటు రెండు వేలంటాడు.
హారిబ్ లెక్క వేరు:
"సొరచేపలు ఎండేసే రేవుకి మా ఒంటెలు
దీన్ని మోసినన్నాళ్ళు."

గోడంతా గునపం గాట్లు
గాలివాన వరిచేనులా ఒకే పక్కకి వాలి.
ఒక్క గూట్లో మాత్రం ఎదురు వాలు.
గునపం పట్టినట్టు కుడిచేయి ఆడించి చూశాను, కుదర్లేదు.
ఎడంచేత్తో ఆడిస్తే
భుజం తనంతట తానే దారి పట్టింది.
పుర్రచెయ్యోడు!
బళ్ళో ఆ చేతి మీదే బెత్తం విరిగింది నాకు.
దాలమ్మత్త ఒక్కతే
పారపిడి ఊడదీసి, నా వాటానికి తిప్పి బిగించి,
"ఉప్పుకేటి తెల్సు, ఏ సెయ్యో" అంది.

వాడి గాట్లు నా రొమ్ము ఎత్తు దాకా వచ్చి ఆగాయి.
ఆఖరిది సగమే.
ఇంకొక్క దెబ్బకి ఊడిపోయే పెళ్ళ
అలాగే వేలాడుతోంది, ఇన్నేళ్ళుగా.
చమురైపోయిందా, బేరగాళ్ళు కేకేశారా,
కప్పు కదిలిందా?
ఉప్పుపాతర అని తిట్టుకుంటాం మా ఊళ్ళో.
ఆ మాట అక్కడ నోటి దాకా వచ్చి
మింగాను, ఉప్పగా.
ఇంజనీరు దాని పక్కన నంబరు చీటీ అంటించి
ఫొటో తీసుకుని ముందుకి పోయాడు.

పైకొచ్చాక హారిబ్ పిడికిలి విప్పాడు,
తెల్లటి పెళ్ళ.
ఉప్పు చేతికి చెయ్యి అందుకోం మేం, తగువులొస్తాయని.
నా తటపటాయింపు చూసి, కారణమడక్కుండా
రాయి మీద పెట్టాడు.
ఆలోచించకుండా తీసుకున్నాను.
తీసుకున్నాకే చూసుకున్నాను, ఎడంచేయి.
ఈ దేశంలో ఆ చేత్తో ఏదీ పుచ్చుకోకూడదు.
ఆయన నా చేతిని చూశాడు,
వెనక్కి తిరిగి గుహ నోటిని చూశాడు,
గడ్డం గోక్కుంటూ
చాలాసేపు ఏదో నవ్వుకున్నాడు.

దుక్మ్ దగ్గరపడేకొద్దీ గాలిలో తేమ.
డాష్‌బోర్డు మీద పెళ్ళ చెమర్చడం మొదలెట్టింది.
పాత డీజిలు బిల్లొకటి మడిచి
దాని కింద పెట్టాను.